ఒకే ఆటకు రెండవ ప్రతి

స్టోర్స్ విభాగంలో పనిచేసిన వారికి సుపరిచితమైన చిక్కు ఒకటున్నది. ఒకే బేరింగు ఇద్దరు తయారీదారుల నెంబర్లతో రెండు అరలలో చేరుతుంది. ఒకచోట నిల్వ పేరుకుపోతుండగా, మరొకచోట కొరత కనిపిస్తుంది. సూరత్‌లోని మా ఇంటి అటక మీది అట్టపెట్టెను ఇటీవల దింపినపుడు నాకు ఆ చిక్కే ఎదురైనది. అందులో ఉన్నవి మా అమ్మాయి చిన్ననాటి గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్‌లు, మొత్తం నలభై ఒకటి.

నింటెండో సంస్థ 1989లో విడుదల చేసిన ఈ యంత్రానికి దేశభేదం లేదు. ఏ దేశపు కార్ట్రిడ్జ్ అయినా ఇందులో పనిచేస్తుంది. అందువలన అమెరికా నుండి మా బావమరిది పంపినవి, శిక్షణకై జపాన్, యూరప్ వెళ్లిన మిత్రులు తెచ్చినవి ఒకే పెట్టెలో కలిసిపోయినవి. డూప్లికేట్ అంటే బజారులో నకిలీ అని అర్థం. ఇవన్నీ అసలైనవే, కాని కొన్ని ఒకే ఆటకు రెండవ ప్రతులు.

పేరును బట్టి ఏరుదామంటే పేర్లే మోసగిస్తాయి. జపాన్‌లో 'రాక్‌మాన్ వరల్డ్'గా వెలువడిన ఆటయే అమెరికాలో 'మెగా మాన్'. మరొకవైపు, 1996 నాటి జపాన్ ఎర్ర పోకీమాన్, 1998లో అమెరికాకు వచ్చిన ఎర్ర పోకీమాన్ పూర్తిగా ఒకటి కావు. వాటిని తీగతో కలిపి మార్పిడి చేస్తే దాచిన ఆట చెడిపోయే ప్రమాదమున్నది. లేబుల్ మీద చివర యు.ఎస్.ఎ., ఇ.యు.ఆర్. వంటి సంకేతాలుంటాయి. లోపలి మెమొరీలో హెక్సాడెసిమల్ 14ఎ స్థానాన సున్నా ఉంటే జపాన్‌ది, ఒకటి ఉంటే ఇతర దేశాలది. 14సి స్థానంలో సవరణ సంఖ్య ఉంటుంది. కార్ట్రిడ్జ్‌ను కంప్యూటరుకు కలిపే చిన్న రీడరుతో వీటిని చదవవచ్చును.

ఇంగ్లీషు ప్రతికి ప్రాధాన్యం, రెండుంటే సవరించినది, ఇతరత్రా లభించని ఆటయైతేనే జపాన్ ప్రతి అని నియమం పెట్టుకొన్నాను. తొమ్మిది అదనమని తేలినవి. వాటిని టౌన్‌షిప్ పిల్లలకు ఇవ్వదలచి అమ్మాయికి ఫోనులో జాబితా చదివాను.

"యూరప్ ఎర్ర పోకీమాన్ ఇచ్చేయకు నాన్నా. వరదప్పుడు ఆడింది అందులోనే" అన్నది.

2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి వదలిన నీటితో తపతి పొంగి నగరంలో అధికభాగం మునిగినది. అప్పుడు మేము అడాజణ్‌లో రెండవ అంతస్తులో ఉండేవారము. క్రింది ఇల్లు మునిగిన గుజరాతీ కుటుంబం మా ఇంట తలదాచుకొన్నది. కరెంటు లేదు, నాలుగు పెన్సిల్ సెల్లులతో నడిచే ఆ యంత్రమే పిల్లలిద్దరికీ కాలక్షేపం. ఆటలో ప్రత్యర్థికి పేరు పెట్టాలి. మా అమ్మాయి ఆ పిల్లవాని పేరు పెట్టినది.

అమెరికా ప్రతిలోని ఆట, యూరప్ ప్రతిలోని ఆట ఒకటే. కాని ఆడినవారి గుర్తులు ఉండేది వేరే మెమొరీలో. దానిని నిలిపేది లోపల టంకము వేసిన చిన్న లిథియం సెల్లు. సెల్లు తీసిన మరుక్షణం అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కనుక మొదట రీడరుతో ఆ భాగాన్ని కంప్యూటరులోకి తీసుకొని, పిదప కొత్త సెల్లు వేసి, తిరిగి అందులోకి ఎక్కించాను. యంత్రం ఆన్ చేయగా ఆ పిల్లవాని పేరు తెరపై కనిపించినది.

జాబితాకు 'వివరములు' అనే గడి చేర్చవలసి వచ్చినది. టౌన్‌షిప్ పిల్లలకు ఎనిమిది కార్ట్రిడ్జ్‌లు చేరినవి.