అరవై వరుసలు, మూడు మాటలు

జంషెడ్‌పూరులో టాటానగర్ రైల్వే స్టేషనుకు సమీపమున ఉన్న పేట బర్మామైన్స్. ఉక్కు కర్మాగారములో పని వెదకుకొనుచు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతముల నుండి వచ్చిన తెలుగు కుటుంబములు ఆ నగరములో తరతరములుగా నివసించుచున్నవి. నా బాల్యము అక్కడనే గడచినది. ఇంట తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. ఈ మూడవది మాత్రము నాకు కొరుకుడు పడలేదు. తొమ్మిదవ తరగతిలో ఆ ఒక్క పరీక్షలోనే తప్పినాను.

"వీడు కూడా నాలాగే కొలిమి ముందు నిలబడవలసినదేనా?" అని నాన్నగారు అమ్మతో అనుచుండగా చాటు నుండి విన్నాను.

మా పొరుగున ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తాగారు ఒకరుండెడివారు. బాబాయిగారని పిలిచెడివారము. ఒకనాటి సాయంత్రము ఆయన నా చేతికి కాగితము, పెన్సిలు ఇచ్చి, "ఏరా, ఈ ఊళ్లో నీకు ఎక్కువగా కనిపించే ఇంగ్లీషు మాట ఏది?" అని అడిగినారు.

"స్టీల్" అన్నాను.

"ఆ అయిదు అక్షరాలతోనే ఇంకొక మాట చెప్పు."

ఎస్, టి, ఇ, ఇ, ఎల్. అరగంట సేపు తల పట్టుకొని, "లేదండీ" అన్నాను.

"లేదని ఎలా తెలిసింది? అన్నీ చూశావా?"

అన్నియు చూచుట ఎట్లో ఆయనయే నేర్పినారు. ఎస్‌ను మొదట నిలిపినచో మిగిలిన నాలుగు అక్షరములను 12 విధములుగా అమర్చవచ్చును. టితో 12, ఎల్‌తో 12, ఇతో 24, మొత్తము 60. ఆ రాత్రి అరవై వరుసలు వ్రాసినాను. మరునాడు బాబాయిగారి పెద్ద నిఘంటువు ముందు కూర్చున్నాము. మాకు దొరకినవి మూడు: ఉక్కు అను అర్థమిచ్చు స్టీల్, మంచు కలసిన వాన, స్లీట్, శాసనము చెక్కిన నిలువురాయి, స్టీలీ. చివరి రెండక్షరములు తారుమారైనంతనే ఉక్కు శిలాశాసనమైనది!

పిమ్మట ఆయన జల్లెడ పట్టుట నేర్పినారు. ఇంగ్లీషులో టి వెంట ఎల్ వచ్చునట్లు మాట సాధారణముగా మొదలు కాదు; ఎల్ వెంట ఎస్ వచ్చినను అంతే. ఎస్‌కు మాత్రము ఆ రెండును చెలికాండ్రే. ఇట్టి పొత్తులు తెలిసినచో అరవైలో పెక్కు వరుసలను వ్రాయకమునుపే కొట్టివేయవచ్చును. క్యూ కనబడినచో ముందుగా యు కొరకు వెదకవలెను. ఐ, ఎన్, జి మూడును ఉన్నచో వానిని చివరకు చేర్చి చూడవలెను.

అక్షరముల బలాబలములను లెక్కించి ఒక ఆటనే నిర్మించినవాడు అమెరికను వాస్తుశిల్పి ఆల్‌ఫ్రెడ్ బట్స్. 1930ల ఆర్థిక మాంద్యములో ఉద్యోగము పోగా, ఆయన వార్తాపత్రికలలో ఏ అక్షరము ఎన్నిసార్లు వచ్చునో లెక్కపెట్టినాడు. ఆ ఆటకు 1948లో స్క్రాబుల్ అను పేరు స్థిరపడినది. అందలి 100 బిళ్లలలో ఇ 12, క్యూ ఒక్కటి. ఇ విలువ 1, క్యూ విలువ 10. నేడు కంప్యూటరుకు ఇంకను సులభమైన దారి ఉన్నది. ప్రతి మాటలోని అక్షరములను వర్ణక్రమములో పేర్చి దానినే తాళపుచెవిగా ఉంచును. పై మూడు మాటలకును తాళపుచెవి ఒక్కటే: ఇ, ఇ, ఎల్, ఎస్, టి.

"ఇది మనకు కొత్త విద్య కాదురా" అనెడివారు బాబాయిగారు. అవధానములో న్యస్తాక్షరి అడుగు పృచ్ఛకుడు పద్యములో ఫలానా చోట ఫలానా అక్షరము రావలెననును. నిషిద్ధాక్షరిలో అవధాని వేయబోవు అక్షరమును ఊహించి అడ్డుపడును. అయితే తెలుగు అక్షరము తన ధ్వనిని విడువదు. ఇంగ్లీషు ఇ అట్లు కాదు. స్టీల్‌లో రెండు ఇలు కలసి దీర్ఘమగును. ఎల్స్ అను మాటలో చివరి ఇ పలుకనే పలుకదు. విన్నది విన్నట్లు వ్రాయుటయే నా తప్పులన్నింటికిని మూలమని అప్పుడు తెలిసినది. చెవిని నమ్ముట మాని కంటితో చూచుట నేర్చుకొన్నాను. మరుసటి ఏడు పరీక్షలో గట్టెక్కినాను.

ఆ అరవై వరుసలు వ్రాసిన రాత్రి సంగతి ఒకటి చెప్పవలసియున్నది. నాన్నగారు షిఫ్టు ముగించుకొని వచ్చి, నా భుజము మీదుగా కాగితము చూచినారు. ఆయనకు ఇంగ్లీషు చదువ రాదు. చాలాసేపు వెదకి ఒక వరుస మీద వేలు ఉంచినారు.

"ఇది నాకు తెలుసురా. రోజూ చూసేదే" అన్నారు.

ఆయన వేలు స్టీల్ మీద ఉన్నది.