మూగవోయిన ప్లగిన్

ఒగ్గుకథ చెప్పువారి గొంతును, డోలు మ్రోతను పట్టి దాచుకొనుటకు ఒకప్పుడు పెద్ద స్టూడియో కావలసియుండెను. నేడొక మైకు, ఒక కంప్యూటరు, చప్పుడు లేని గది యొకటి యున్నచో చాలును. వరంగల్లు చుట్టుపట్ల ఈ పనికి విలువ మిక్కిలి హెచ్చు. సంక్రాంతినాళ్ల ఐనవోలు మల్లన్న జాతరలో వినవచ్చు డోలు వరుసలు గురువు చేతినుండి శిష్యుని చెవికి వచ్చినవే గాని గ్రంథము చూచి నేర్చినవి కావు. జనగామ ప్రాంతపు ఒగ్గుకథకులు చుక్క సత్తయ్యగారు 2017లో పరమపదించిరి. అట్టివారి కంఠము నేడు ముద్రితమైన ధ్వనిలో తప్ప వినరాదు. కావున ముద్రించిన పాట మరల తెరచుకొనకపోవుట చిన్న నష్టము కాదు. అట్టి నష్టమునకు దారితీయు కారణములలో ప్లగిన్ లోపమొకటి.

ప్లగిన్ అనగా సంగీతమును కూర్చు పెద్ద సాఫ్ట్‌వేరులో చేరి పనిచేయు చిన్న సహాయక సాఫ్ట్‌వేరు. ఒకటి గొంతునకు గుడి మంటపపు ప్రతిధ్వని నిచ్చును. ఒకటి మించిన డోలు దెబ్బను అణచును. ఇంకొకటి మంద్ర, తారస్వరముల పాలు సరిదిద్దును. 1991లో ఫిన్లండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్‌పై, పాల్ డేవిస్ మొదలిడిన ఆర్డోర్ వంటి కూర్పు సాఫ్ట్‌వేరులు నడచును. ప్లగిన్‌లు మాత్రము ఒకే మూసలో రావు. జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ 1996లో వీఎస్‌టీ పద్ధతిని తెచ్చెను. లినక్స్‌వారు 2000లో లాడ్స్‌పాను, పిదప ఎల్‌వీ2ను ఏర్పరచుకొనిరి. 2022లో క్లాప్ వచ్చెను. పద్ధతులు పెరిగినకొలది చిక్కులును పెరిగినవి.

ఇంటి రేడియో పలుకకున్నచో తెలిసినవాడు వెంటనే దానిని విప్పడు. విద్యుత్తు వచ్చుచున్నదా, ముల్లు స్టేషనుపై నిలిచినదా, ఏరియల్ తీగ తెగినదా యని వరుసగా చూచును. ప్లగిన్ విషయమునను వరుసయే ప్రధానము. ప్లగిన్ సాఫ్ట్‌వేరునకు కనబడుచున్నదా? కనబడినది తెరచుకొనుచున్నదా? తెరచుకొన్నది ధ్వనిని సరిగా నిచ్చుచున్నదా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాబట్టినచో లోపమున్న చోటు తెలియును. వరుస తప్పి అన్నిటిని ఒక్కమారే మార్చినవానికి, పని చక్కబడినను కారణము తెలియదు.

మొదటి ప్రశ్న. ప్లగిన్ పేరు జాబితాలో లేనిచో, అది ఉండవలసిన ఫోల్డరులో ఉన్నదో లేదో చూడవలెను. మనము తెచ్చుకొన్న ఎల్‌వీ2 ప్లగిన్‌లు మన సొంత ఫోల్డరు లోపల ‘డాట్ ఎల్‌వీ2’ అను చోటను, వీఎస్‌టీ3 ప్లగిన్‌లు ‘డాట్ వీఎస్‌టీ3’ అను చోటను ఉండవలెను. చుక్కతో ఆరంభమగు పేర్లుగల ఫోల్డరులు సాధారణముగా కంటికి కానరావు. దాగినవానిని చూపుమని కంప్యూటరును కోరవలెను. ఎల్‌వీ2 ప్లగిన్ ఒక్క ఫైలు కాదు, కొన్ని ఫైళ్లుగల ఫోల్డరు. అందలి ఒక్క ఫైలునే తెచ్చి పెట్టినచో సాఫ్ట్‌వేరు గుర్తింపదు. కూర్పు సాఫ్ట్‌వేరును ఫ్లాట్‌ప్యాక్ రూపమున తెచ్చుకొన్నవారికి మరియొక చిక్కు కలదు. అది గోడ కట్టిన గదిలో నున్నట్లు పనిచేయును గాన వెలుపలి ప్లగిన్‌లు దానికి కనబడకపోవచ్చును. అట్టివారు ప్లగిన్‌లను కూడ ఫ్లాట్‌ప్యాక్ రూపముననే తెచ్చుకొనుట మేలు. ఒకమారు పరీక్షలో కూలిన ప్లగిన్‌ను కొన్ని సాఫ్ట్‌వేరులు నిషేధపు పట్టికలో చేర్చును. లోపము దిద్దిన పిదప ఆ పట్టికనుండి పేరు తొలగించి, మరల వెదకింపవలెను.

రెండవ ప్రశ్న. పేరున్నను తెరచుకొననిచో, అది ఆ యంత్రమునకు తగినదేనా యని చూడవలెను. 32 బిట్ల ప్లగిన్‌ను 64 బిట్ల సాఫ్ట్‌వేరు నేరుగా తెరువజాలదు. ఇంటెల్ యంత్రమునకై కూర్చినది రాస్ప్‌బెర్రీ పై వంటి ఆర్మ్ యంత్రమున నేరుగా నడువదు. యంత్రమునకు తగినదే యైనచో, ప్లగిన్ ఆధారపడు లైబ్రరీలలో ఏదేని లోపించెనేమో కనుగొనవలెను. టెర్మినలులో ‘ఎల్‌డీడీ’ అను ఆజ్ఞను, దాని ప్రక్కన ప్లగిన్ ఫైలు పేరును వ్రాసినచో లైబ్రరీల జాబితా వచ్చును. అందు ‘నాట్ ఫౌండ్’ అని చూపినదానిని స్థాపింపవలెను. నమ్మకమైన చోటనుండి తెచ్చిన ఫైలు విషయముననే ఈ ఆజ్ఞను వాడవలెను. విండోస్‌కై చేసిన ప్లగిన్ లినక్స్‌పై తనంత నడువదు. దానికి వైన్, యాబ్రిడ్జ్ అనువాని మధ్యవర్తిత్వము కావలెను. వైన్ క్రొత్త వెర్షను వచ్చినపుడు ఈ వంతెన తెగుటయు కలదు.

మూడవ ప్రశ్న. తెరచుకొన్నను ధ్వని చిటపటలాడినచో అది గడువు తప్పిన గుర్తు. కంప్యూటరు ధ్వనిని చిన్నచిన్న ముక్కలుగా చేసి పంపును. సెకనుకు 48,000 నమూనాల చొప్పున ముద్రించునపుడు 256 నమూనాల ముక్కకు పట్టు కాలము సుమారు 5.3 మిల్లీసెకన్లు. ఆ లోపల ప్లగిన్‌లన్నియు తమ పని ముగింపవలెను. ముగింపనిచో పాట తెగును. పాడునపుడు చిన్న ముక్క మేలు. గాయకుడు తన గొంతును ఆలస్యము లేక వినును. ముద్రణ ముగిసి కూర్పు చేయునపుడు 1,024 నమూనాలకు పెంచినచో గడువు 21 మిల్లీసెకన్లు దాటును, చిటపట తగ్గును. ధ్వనిపనికి తొలి ప్రాధాన్యమిచ్చు అనుమతి వాడుకరికి ఉన్నదో లేదో కూడ చూడవలెను. కొన్ని లినక్స్‌లలో ఇందులకై ‘ఆడియో’ అను వర్గమున పేరు చేర్చుకొని, మరల లాగిన్ కావలసియుండును. ధ్వని ఒకే చెవిన వినబడినచో కలయికను చూడవలెను. ఒక మైకుతో ముద్రించిన డోలు ఏకధార. రెండు ధారలు కోరు ప్లగిన్‌కు ఒకటే అందినచో రెండవ వైపు శూన్యముగా నుండును.

ఇరువది ప్లగిన్‌లున్న పాటలో చెడినది ఏదో తెలియనిచో, పదింటిని నిలిపి వినవలెను. లోపము పోయినచో అది నిలిపిన పదింటిలో నున్నది. పోనిచో మిగిలిన పదింటిలో. ఇట్లు సగము చొప్పున విడదీసినచో, చెడినది ఒక్కటే యైనపుడు, అయిదు పరీక్షలకు మించి పట్టదు. పాట అసలే తెరచుకొననిచో, ఆర్డోర్‌లో ప్లగిన్‌లన్నిటిని నిలిపి తెరచు వీలు కలదు.

ఇన్ని ఉపాయములున్నను ముందుజాగ్రత్తకు సాటి లేదు. మొదట ముద్రించిన గొంతు, డోలు, తాళములను ఏ ప్లగిన్ స్పర్శయు లేకుండ వేర్వేరు వేవ్ ఫైళ్లుగా దాచవలెను. ప్లగిన్‌లతో కూడిన తుదిరూపమును మరియొక ఫైలుగా నుంచవలెను. వాడిన ప్లగిన్‌ల పేర్లు, వెర్షను సంఖ్యలు, ముఖ్యమైన అమరికలు కాగితముపై వ్రాసి పెట్టుకొని, ఫైళ్ల ప్రతిని వేరొక డిస్కులో భద్రపరచవలెను. పని నడుమనుండగా లినక్స్‌ను నవీకరింపరాదు. ఇంత చేసినవారికి పదునైదేండ్ల తరువాత ఆ ప్లగిన్ దొరకకపోయినను కథకుని స్వరము చేతనుండును. ప్రతిధ్వనిని మరల కూర్చుకొనవచ్చును.