పొగగొట్టంలో దాగిన బలం

కారు వెనుక గొట్టం నుంచి వచ్చే పొగ ఎందుకూ పనికిరాదని మీరు అనుకుంటారు. కాని పెట్రోలు మండినప్పుడు పుట్టే శక్తిలో సుమారు మూడోవంతు ఆ వేడి పొగతోనే బయటికి పోతుంది. అందులో కొంతైనా పట్టుకోలేమా? స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో ఇందుకొక ఉపాయంతో పేటెంటు కోరాడు. అదే టర్బోచార్జరు.

ఇందులో ఒకే ఇరుసుకు రెండు చిన్న చక్రాలుంటాయి. పొగ వేగానికి మొదటి చక్రం తిరుగుతుంది. అది టర్బైను. దానితోపాటే తిరిగే రెండో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. గాలి పెరిగితే మరింత పెట్రోలు మండించవచ్చు. ఈ చక్రాలు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలవు!

జపానులో సుబారు కంపెనీ 1992లో విడుదల చేసిన ఇంప్రెజా డబ్ల్యు.ఆర్.ఎక్స్. ఇలాంటి కారే. 2001 నుంచి అమెరికాకూ దిగుమతి అయింది. అక్కడ దాన్ని కొన్నవారు చాలామంది టర్బైను తరువాతి గొట్టాన్ని తీసి, వెడల్పైనది బిగించుకున్నారు. దానివల్ల ఇంజను బలం పెరిగింది. ఎందుకు?

శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రాన్ని తలచుకోండి. ఎగువ నీటిమట్టానికీ దిగువ నీటిమట్టానికీ తేడా ఎంత ఎక్కువైతే అక్కడి టర్బైనుకు అంత బలం. దిగువన నీరు నిలిచిపోతే బలం తగ్గుతుంది. కారులో మట్టానికి బదులు పీడనం ఉంటుంది. వెనుక గొట్టం ఇరుకైతే పొగ తొక్కిసలాడి ఎదురు పీడనం కలిగిస్తుంది. గొట్టం వెడల్పైతే అది తగ్గుతుంది. వ్యాసం 2 అంగుళాల నుంచి 3కు పెంచితే వైశాల్యం ఒకటిన్నర రెట్లు కాదు, 2.25 రెట్లవుతుంది. వైశాల్యం వ్యాసపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది కదా!

మరి టర్బైనుకు ముందున్న గొట్టాన్నీ వెడల్పు చేస్తే? అక్కడ పొగ నెమ్మదించి చల్లబడుతుంది. చక్రం ఆలస్యంగా వేగం అందుకుంటుంది. కనుక అది తగదు.

వెనుక గొట్టం మార్చినా రెండు జాగ్రత్తలు కావాలి. ఎదురు పీడనం తగ్గినప్పుడు చక్రం హద్దుమీరి తిరగవచ్చు. ఎక్కువైన పొగను పక్కదారి పట్టించడానికి వేస్ట్‌గేటు అనే చిన్న తలుపుంటుంది. అది చాలకపోతే ఇంజనులో గాలి పీడనం మితిమీరి, పెట్రోలు వేళ తప్పి మండుతుంది. పిస్టన్లు పగిలిపోవచ్చు. అందుచేత గాలి పీడనాన్నీ పెట్రోలు పాళ్లనూ మళ్లీ సరిచూడాలి.

రెండోది మనందరికీ సంబంధించినది. పొగ వెళ్లే దారిలో తేనెపట్టులాంటి కెటలిటిక్ కన్వర్టరు ఉంటుంది. దానిలోని ప్లాటినం, పల్లేడియం, రోడియం లోహాల సహాయంతో విషవాయువైన కార్బన్ మోనాక్సైడు కార్బన్ డయాక్సైడుగాను, నైట్రోజన్ ఆక్సైడులు నైట్రోజనుగాను మారతాయి. ఇదీ పొగకు కొంత అడ్డే. అందుకని కొందరు దాన్ని పీకివేస్తారు. అమెరికా చట్టం దీన్ని నిషేధించింది. పెరిగిన వేగం కారు యజమానికి దక్కుతుంది, విషం మాత్రం వీధిలో నడిచే ప్రతివారూ పీల్చాలి. కన్వర్టరును ఉంచి గొట్టాన్ని మాత్రమే వెడల్పు చేసుకోవడం తెలివైన పని.

2.5 అంగుళాల గొట్టం తీసి 3 అంగుళాలది వేస్తే వైశాల్యం ఎన్ని రెట్లవుతుంది? మీరే లెక్కకట్టి చూడండి.