పాత ల్యాప్‌టాప్‌కు కొత్త స్మృతి

“కొత్తొక వింత, పాతొక రోత” అన్న సామెత కంప్యూటర్లకు వర్తించినంతగా మరే వస్తువుకూ వర్తించదేమో. అయితే వింతకు ఖరీదు కూడా ఉంటుంది. చదువు నిమిత్తం జర్మనీకి వచ్చే విద్యార్థి వీసా కోసం ‘బ్లాక్డ్ అకౌంట్’లో చూపవలసిన మొత్తాన్ని 2024 సెప్టెంబరులో సంవత్సరానికి 11,904 యూరోలుగా నిర్ణయించారు. అంటే నెలకు 992 యూరోలు. అద్దె, బీమా, భోజనం అన్నీ అందులోనే. స్వదేశం నుండి తెచ్చుకున్న చవక ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికే అయిదు నిమిషాలు తీసుకుంటే, నెల ఖర్చులో సగానికి పైగా పోసి కొత్తది కొనక తప్పదని ఆ విద్యార్థికి తోస్తుంది. కాని చాలా సందర్భాలలో ఆ యంత్రంలో గణించే భాగం మందగించి ఉండదు. కావలసిన సమాచారం చేతికందక వేచి ఉంటుంది. ఆ నిరీక్షణ ఎక్కడ జరుగుతున్నదో తెలిస్తే చికిత్స సులభం.

కంప్యూటర్‌కు రెండు విధాల స్మృతి ఉంటుంది. ర్యామ్ పనిబల్ల వంటిది. డిస్కు బీరువా వంటిది. బల్లమీది కాగితాలు వెంటనే అందుతాయి, కాని విద్యుత్తు ఆగగానే మాయమవుతాయి. బీరువాలోనివి నిలిచి ఉంటాయి. ర్యామ్‌లో ఒక్కొక్క బిట్టు ఒక ట్రాన్సిస్టర్, ఒక సూక్ష్మ కెపాసిటర్ జంటలో విద్యుదావేశంగా నిలుస్తుంది. ఐబీఎం శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెనార్డ్‌కు ఈ అమరికపై 1968లో పేటెంటు లభించింది. చిల్లికుండలో నీటివలె ఆవేశం కారిపోతుంది కనుక, సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకనుల లోపల దానిని తిరిగి నింపవలసి ఉంటుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో కూడా ఈ చిప్పులు తయారయ్యేవి. 2009లో క్విమోండా సంస్థ దివాలాతో ఆ అధ్యాయం ముగిసింది.

హార్డ్ డిస్కులో సమాచారం అయస్కాంత రూపంలో ఉంటుంది. 1988లో జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో పేటర్ గ్రూన్‌బెర్గ్, ఫ్రాన్సులో ఆల్బేర్ ఫేర్ వేర్వేరుగా ఒక విశేషం కనుగొన్నారు. అతి పలుచని లోహపు పొరల విద్యుత్ నిరోధం అయస్కాంత క్షేత్ర ప్రభావంతో ఎంతో మారుతుంది. ఈ ధర్మం ఆధారంగా తయారైన హెడ్లు 1997 నుండి డిస్కులలోకి వచ్చాయి. ఇద్దరికీ 2007లో నోబెల్ బహుమతి వచ్చింది. దీనివల్ల డిస్కు సామర్థ్యం ఎన్నో రెట్లు పెరిగింది గాని, పళ్లెం తిరిగే వేగం ఆ మేరకు పెరగలేదు. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే పళ్లెం ఒక చుట్టుకు 11 మిల్లీసెకనులు తీసుకుంటుంది. హెడ్ జరగడానికి, కావలసిన చోటు దాని కిందికి రావడానికి కలిపి సుమారు 15 మిల్లీసెకనులు పడుతుంది.

ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు. విద్యుద్బంధక పొరల నడుమ చిక్కుకున్న ఎలక్ట్రాన్లే అక్కడ జ్ఞాపకం. దానికి సుమారు 0.1 మిల్లీసెకను చాలు. ర్యామ్‌కు పట్టేది దాదాపు 100 నానోసెకనులు. ఈ లెక్కను సాగదీసి చూస్తే భేదం తెలుస్తుంది: ర్యామ్ ఒక సెకనులో సమాధానం చెబితే, ఎస్‌ఎస్‌డీ 17 నిమిషాలకు, హార్డ్ డిస్కు దాదాపు 42 గంటలకు చెబుతాయి!

ర్యామ్ నిండిపోతే యంత్రం కొన్ని కాగితాలను బల్లమీది నుండి బీరువాకు తరలిస్తుంది. అప్పుడు బల్ల చాలకపోవడం కూడా డిస్కు మాంద్యంగానే కనబడుతుంది. కనుక ముందుగా విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌ను పరిశీలించాలి. రోజువారీ పనిలో మెమరీ 90 శాతం దాటుతుంటే ర్యామ్ పెంచాలి. మెమరీ ఖాళీగా ఉండి కూడా డిస్కు 100 శాతం చూపుతుంటే ఎస్‌ఎస్‌డీ అమర్చాలి. 4 గిగాబైట్ల ర్యామ్, హార్డ్ డిస్కు ఉన్న యంత్రానికి తరచుగా రెండూ అవసరమవుతాయి.

కొనేముందు యంత్రపు మోడల్ సంఖ్యతో వివరాలు చూసుకోవాలి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్‌ల గాడి స్థానాలు వేరు. ఒకటి మరొకదాని స్థానంలో ఇమడదు. పలు చవక ల్యాప్‌టాప్‌లలో ర్యామ్, ఈఎంఎంసీ నిల్వ బోర్డుకే సోల్డరు చేసి ఉంటాయి; అదనపు స్లాటు లేకపోతే అక్కడ చేయగలిగింది లేదు. ఎం.2 స్లాటు ఉంటే అది సాటా రకమా, ఎన్‌వీఎంఈ రకమా అన్నది తెలుసుకోవాలి. 2280 అన్న గుర్తుకు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం.

విప్పడానికి ముందు ఫైళ్లకు నకలు తీయాలి. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోవాలి. బ్యాటరీ కనెక్టరును తొలగించాలి. జర్మనీ శీతకాలంలో మరొక జాగ్రత్త అవసరం. సున్నా డిగ్రీల వద్ద సంతృప్త గాలిలో ఘనమీటరుకు 4.8 గ్రాముల నీటియావిరి ఉంటుంది. అదే గాలిని గదిలో 20 డిగ్రీలకు వేడిచేస్తే, 17.3 గ్రాములు పట్టగల చోట 4.8 గ్రాములే మిగిలి తేమ 28 శాతానికి పడిపోతుంది. అటువంటి పొడిగాలిలో ఉన్నిబట్టల రాపిడికి పుట్టిన స్థిర విద్యుత్తు, చేతికి తెలియకుండానే చిప్పును పాడుచేయగలదు. కనుక భూమికి కలిపిన లోహాన్ని తాకి, తివాచీ లేని నేలపై పని చేయడం మేలు.

ఈ చికిత్సకు హద్దులున్నాయి. ప్రాసెసర్ పాతదనాన్ని ఇది మార్చలేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ర్యామ్ పెంచినంత మాత్రాన పాత ప్రాసెసర్ విండోస్ 11కు అర్హం కాదు. అటువంటి యంత్రానికి లినక్స్ ఒక దారి. తీసివేసిన హార్డ్ డిస్కు బాగుంటే చిన్న యూఎస్‌బీ పెట్టెలో అమర్చి నకళ్లకు వాడుకోవచ్చు. పాడైతే సమాచారం చెరిపివేసి, ఊరి ‘వెర్ట్‌స్టాఫ్‌హోఫ్’ అనే సేకరణ కేంద్రంలో అప్పగించాలి. ల్యాప్‌టాప్ వల్ల పర్యావరణంపై పడే భారంలో అధికభాగం దాని తయారీలోనే ఉంటుంది. అందువల్ల మరి రెండు మూడేళ్లు పనిచేసే పాత యంత్రం విద్యార్థి సంచికీ, భూమికీ కూడా లాభమే.