గ్రహశకలములు – అంతర్జాతీయ న్యాయము

2024 డిసెంబరు 27వ తేదీన చిలీ దేశమందలి ఒక దూరదర్శిని చిన్న గ్రహశకలము నొకదానిని కనుగొన్నది. దానికి 2024 వై.ఆర్.4 అని పేరిడిరి. అది 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొనవచ్చునని తొలి లెక్కలు తెల్పినవి. 2025 ఫిబ్రవరిలో ఆ సంభావ్యత నూటికి 3 వరకు పెరిగినది. కొద్ది దినములలోనే మరిన్ని పరిశీలనలు జరిగి, భూమికి ఆ భయము లేదని తేలినది.

అయినను ఈ సంఘటన ఒక చిక్కు ప్రశ్నను మన ముందుంచినది. ఆ శకలము పడుటకు వీలున్న చోట్లను పటముపై గుర్తింపగా, అవి తూర్పు పసిఫిక్ నుండి దక్షిణ అమెరికా ఉత్తరభాగము, ఆఫ్రికాల మీదుగా దక్షిణాసియా వరకు సన్నని పట్టీవలె నేర్పడినవి. ఇట్టి శకలమును ప్రక్కకు నెట్టుట ఎట్లు?

2022 సెప్టెంబరు 26న అమెరికావారి డార్ట్ అను వ్యోమనౌక డైమార్ఫస్ అను శకలమును ఢీకొన్నది. అది తన పెద్ద శకలము చుట్టు తిరుగుటకు పట్టు కాలము సుమారు 32 నిమిషములు తగ్గినది. కావున నెట్టుట సాధ్యమే. కాని నెట్టినపుడు శకలము పడుచోటు ఆ పట్టీ వెంబడి క్రమముగా జరుగును. ప్రయత్నము సగములో విఫలమైనచో, ఒక దేశమునకు తప్పిన ఆపద వేరొక దేశముపై బడును.

అపుడు బాధ్యత ఎవరిది? 1972 నాటి ఒడంబడిక ప్రకారము, ఒక దేశము ప్రయోగించిన వస్తువు భూమిపై నష్టము కలిగించినచో, తప్పు లేకున్నను ఆ దేశమే పరిహార మీయవలెను. కాని శకలము మానవుడు ప్రయోగించినది కాదు. దారి మాత్రమే మార్చబడినది. దీనికి ఆ ఒడంబడికలో స్పష్టమైన సమాధానము లేదు.

మరియొక చిక్కు కలదు. శకలము పెద్దదై, గడువు స్వల్పమైనచో అణుపేలుడే శక్తివంతమగు సాధనమని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. కాని 1963 నాటి ఒడంబడిక అంతరిక్షమున అణుపేలుళ్లను నిషేధించినది. 1967 నాటిది భూమిచుట్టు కక్ష్యలలో అణ్వాయుధముల నుంచరాదన్నది. మానవులను కాపాడుటకై చేసిన కట్టుబాట్లే ఇచట అడ్డు నిలుచుచున్నవి. వానిని సడలించినచో, రక్షణ నెపమున ఆయుధములు ఆకాశమున కెక్కునను భయము కలదు.

2013లో రష్యా యందలి చెల్యాబిన్‌స్క్‌పై సుమారు 20 మీటర్ల శకలము ప్రేలి, వేయిమందికి పైగా గాయపడిరి. ఐక్యరాజ్యసమితి సిఫారసుపై పిదప రెండు సంఘము లేర్పడినవి. ఒకటి హెచ్చరించును, రెండవది ఉపాయములను చర్చించును. ఆజ్ఞాపించు అధికారము రెండింటికిని లేదు.

వై.ఆర్.4 విషయమున మనకు దాదాపు ఎనిమిదేండ్ల గడువుండెను. వ్యోమనౌకను నిర్మించి పంపుటకే అందులో చాలభాగము పట్టును. ఎవరు నెట్టవలెను, ఎవరి అనుమతితో, ఎవరి పూచీపై అను మాటలు శకలము కనబడిన పిమ్మట మొదలిడినచో, మిగిలిన కాలము చాలకపోవచ్చును.