మీకు తెలుసా? నీళ్లడుగున కూడా హాకీ ఆడతారు!

ఊపిరి బిగబట్టి ఈతకొలను అడుగుకి మునిగి, అడుగు పొడవు కర్రతో సీసం బిళ్లను గోల్‌లోకి నెట్టే ఆట ఒకటుంది. అదే అండర్‌వాటర్ హాకీ. చలికాలంలో సముద్రంలోకి దిగలేని డైవర్లు క్లబ్బుకి రావడం మానేయకుండా ఉండాలని 1954లో ఇంగ్లండ్‌లోని సౌత్‌సీలో అలన్ బ్లేక్ దీన్ని మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచ పోటీలు 1980లో కెనడాలోని వాంకోవర్‌లో జరిగాయి.

నీళ్లలో జట్టుకి ఆరుగురు. గాలి సిలిండర్ ఉండదు. దమ్మున్నంతసేపే ఆట, అయిపోగానే పైకి తేలాలి. ఈలోపు కింద బిళ్లను అందుకోవడానికి తోటి ఆటగాడు మునగాలి. ఎంత గజఈతగాడైనా ఒక్కడే గెలిపించలేడు.

మరి ఖర్చో? కళ్లకు మాస్క్, నోట్లో స్నార్కెల్ గొట్టం, కాళ్లకు తెడ్లలాంటి ఫిన్స్ ఎవరివి వాళ్లు కొనుక్కోవాలి. చెవులకు దెబ్బ తగలకుండా టోపీ, వేళ్లు చితక్కుండా మందపాటి గ్లౌజు ఉండాలి. కర్ర చెక్కదైనా చెల్లుతుంది, మన వడ్రంగి చెక్కివ్వగలడు. బిళ్ల బరువు దాదాపు 1.3 కిలోలు. వలకి గుండ్లుగా కట్టే సీసమే, పైన ప్లాస్టిక్ తొడుగు. పన్నెండు మందికీ ఒక్కటి చాలు.

అసలు ఖర్చంతా నీళ్లకే. అడుగు కనిపించే నీళ్లు, రెండు మీటర్లకు తగ్గని లోతు, పాతిక మీటర్ల పొడవు కావాలి. గోదావరి రేవుల్లో భక్తులు వేసిన నాణేల కోసం మునిగే పిల్లల్ని చూడండి. కళ్లు మూసుకునే ఇసుకలో తడిమి, పిడికిలి బిగించి పైకొస్తారు. ఈ ఆటకి కావలసిన దమ్ము వాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉంది. కానీ భద్రాచలం దగ్గర వానాకాలం గోదావరి ఎర్రటి బురదనీళ్లే, నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. పాల్వంచ పక్క కిన్నెరసానిలోనేమో మొసళ్లు. ఏటిలో గానీ చెరువులో గానీ ఈ ఆట జోలికి పోవద్దు. కొలనులోనైనా ఒంటరిగా ఊపిరి బిగబట్టే సాధన చేయొద్దు, స్పృహ తప్పితే చూసేవాళ్లుండరు.

2002 జాతీయ క్రీడలకు కట్టిన హైదరాబాద్ గచ్చిబౌలి ఈతకొలను లాంటిది కావాలంటే భద్రాచలం పిల్లాడికి 300 కిలోమీటర్ల పైమాటే. మాస్క్, ఫిన్స్ ఒకసారి కొంటే ఏళ్లు వస్తాయి. అక్కడికి బస్సు టికెట్ మాత్రం ప్రతి వారం కొనాలి.