యంత్రము చదువుకొను వివరణ పత్రము

ప్రయోగశాలలో క్రొత్తగా చేరిన సహాయకునితో "ఆ సీసా తెమ్ము" అన్నచో, బల్లపై రెండు సీసాలున్న యెడల అతడు "ఏ సీసా?" అని అడుగును. అడుగుటకు ఎవరును లేకున్నచో పైనున్న చీటీ చూచుకొనును. చీటీ కూడ లేకున్న ఆగిపోవును. మనుష్యులకై వ్రాసిన సూచనలలో ఎన్నియో విషయములు విడిచిపెట్టినను పని జరిగిపోవుటకు ఈ అడుగుట, ఆగుట అనునవే కారణము.

నేడు కంప్యూటరు పనిముట్లను మనుష్యులతోపాటు ఏఐ ఏజెంట్లు అనబడు ప్రోగ్రాములు కూడ వాడుచున్నవి. మనము మామూలు భాషలో ఒక పని అప్పగించినచో, ఏజెంటు తన వద్దనున్న పనిముట్ల వివరణలను చదివి, కావలసినదానిని ఎన్నుకొని, దానికి ఈయవలసిన విలువలను తానే నింపి నడిపించును. వచ్చిన ఫలితమును చూచి తరువాతి మెట్టునకు పోవును. వివరణలో ఖాళీ యున్నచో అది మనలను అడుగవచ్చును. కాని తరచుగ అడుగక, పూర్వము నేర్చిన విస్తారమైన పాఠ్యము ననుసరించి, ఎక్కువ సంభావ్యముగ తోచిన దానితో ఆ ఖాళీని పూరించును. ఆ ఊహ వెంటనే క్రియగా మారును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఒక నిజమైన పనిముట్టును తీసికొందము. ఆర్‌సింక్ అను ప్రోగ్రామును ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ అనువారు 1996లో వెలువరించిరి. ఒకచోటనున్న ఫైళ్లను మరియొకచోటికి నకలు చేయుట దీని పని. మారిన భాగములను మాత్రమే పంపగలుగుట దీని ప్రత్యేకత. ఒక పాఠశాలలో "మార్కులు" అను ఫోల్డరు నంతటిని "భద్రము" అను ఫోల్డరులోనికి నకలు చేయవలెననుకొనుడు. మూలము పేరు "మార్కులు" అని వ్రాసినచో భద్రములో ఆ పేరుగల ఫోల్డరే ఏర్పడును. చివర ఒక ఏటవాలు గీత చేర్చి "మార్కులు/" అన్నచో, ఫోల్డరు ఏర్పడక, అందలి ఫైళ్లు నేరుగా భద్రములో పడును. ఇంతవరకు పెద్ద నష్టము లేదు.

కాని "డిలీట్" అను ఐచ్ఛికమును కూడ చేర్చినచో, మూలమున లేని ఫైళ్లు గమ్యమున తుడిచివేయబడును. గీత లేనప్పుడు ఈ తుడుపు భద్రములోని "మార్కులు" ఫోల్డరునకే పరిమితము. గీత యున్నప్పుడు భద్రమంతటికి వర్తించును. అచ్చట దాచిన గతయేటి హాజరు పట్టికలు కూడ పోవును. మూలము ఏ కారణముచేతనో ఖాళీగా నున్నచో గమ్యము కూడ ఖాళీ యగును! పోయినవానిని తిరిగి తెచ్చు ఆజ్ఞ ఆర్‌సింక్‌లో లేదు.

దీనికి "ఫైళ్లను సమానము చేయును" అని ఒక్క వాక్యము వ్రాసి ఊరకున్నచో అందు అబద్ధమేమియు లేదు. ఏజెంటునకు మాత్రము అది అపాయకరము. నకలు ఏ దిశలో జరుగునో, గీతవలన ఏమి మారునో, డిలీట్ వలన ఏవి శాశ్వతముగ పోవునో, వాడుకరి స్పష్టముగ కోరనిదే దానిని చేర్చరాదనియు వ్రాయవలెను. ఆర్‌సింక్‌లో "డ్రై రన్" అను పద్ధతి కలదు. అది ఏమియు మార్చక, ఏమేమి మారబోవునో పట్టికగా చూపును. ముందు దానిని నడిపి, పట్టికను వాడుకరికి చూపుమని చెప్పు ఒక్క పంక్తి ఎన్నో పుటల ఉపోద్ఘాతముకంటె మేలు.

2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను ఏర్పాటులో పనిముట్టు పేరు, వివరణ, ఈయవలసిన విలువల రూపము ఏజెంటునకు అందజేయబడును. విలువ సంఖ్య కావలెనా, అక్షరములు కావలెనా అనునది రూపమువలన తెలియును. 30 అన్నది సెకండ్లా, మిల్లీసెకండ్లా అనునది ఎవరైన వ్రాసిననే తెలియును. 03/04 అను తేదీ మనకు ఏప్రిల్ 3, అమెరికా వారికి మార్చి 4. పనిముట్టు తిరిగి పలుకు మాట కూడ వివరణలో భాగమే. "విఫలమైనది" అన్నచో ఏజెంటు అదే పనిని మరల మరల చేయవచ్చును. "గమ్యపు ఫోల్డరు లేదు" అన్నచో కారణము తెలియును. యూనిక్స్ పనిముట్లు అనేకము పని సఫలమైనప్పుడు మౌనముగ నుండి, 0 అను సంఖ్యను మాత్రము తిరిగి ఇచ్చును. ఆ మౌనమునకు అర్థము కూడ వ్రాయవలసినదే.

అయితే వ్రాతకు, నడతకు పొత్తు కుదరవలెను. 1999 సెప్టెంబరులో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కుజగ్రహమును చేరుచు నశించినది. భూమిపైనున్న ఒక ప్రోగ్రాము ప్రచోదనమును పౌండు-సెకండ్లలో లెక్కించి ఈయగా, ఆ విలువలను న్యూటను-సెకండ్లుగా తీసికొనిరి. నిర్దేశ పత్రములో న్యూటను-సెకండ్లనియే యుండెను. ప్రోగ్రామే దానిని పాటింపలేదు. కావున వివరణ వ్రాసినవారు దానిని ఏజెంటున కిచ్చి, నిజమైన ఫైళ్లపై గాక, నకలు ఫోల్డరుపై పని చేయించి చూడవలెను. అది ఎచ్చట తప్పటడుగు వేసెనో ఆ వాక్యమును తిరిగి వ్రాసి, మరల నడిపించి చూడవలెను.